తిరుగుడు ఫోను

అవతల ఫోను మోగే తీరు చంద్రభాగకు మొదటి రోజే నచ్చలేదు.

సోలాపూర్‌లో ఏ ఫోనైనా ట్రింగ్ ట్రింగ్‌మని జంటగా మోగుతుంది. ఇది అట్లా కాదు. ఒకటే పొడుగాటి కూత. ఆ తర్వాత గుండె జారిపోయేటంత నిశ్శబ్దం. ఇంక రాదు కాబోలు అనుకునేసరికి మళ్ళీ కూత. ఎప్పుడో ఆసుపత్రిలో మరిది మంచం పక్కన పెట్టిన మిషను ఇట్లాగే కూసింది. కూసీ కూసీ ఆగిపోయింది.

"పెంటప్పా, నంబరు సక్కగ కొట్టినవా? చప్పుడు వేరే ఉన్నది."

ఎస్‌టీడీ బూత్ పెంటప్ప అద్దం అవతల నుంచి చెయ్యి ఊపాడు. "బరోబ్బర్ ఉన్నది వదినా. ఫారిన్ గాలి తగిలిన ఫోనది. గట్లనే మోగుతది."

అవతల ఎత్తారు. వెనక ఎక్కడో జనం సందడి, కుర్చీలు జరుపుతున్న చప్పుడు. దాని మధ్యన సరోజ గొంతు.

"అమ్మా. మంచిగున్న. తిన్న. నువ్వు తిన్నవా? నాయిన తిన్నడా? పెట్టేస్తున్న."

"బిడ్డా, స్వెటరు..."

టక్‌మంది.

చంద్రభాగ రిసీవరును చెవి నుంచి తీసి, అందులోంచి ఏమైనా రాలుతుందేమో అన్నట్టు చూసింది. స్వెటరు లోపల వేసుకుంటున్నావా పైన వేసుకుంటున్నావా అని అడగాలని పొద్దుటి నుంచి అనుకుంటోంది. ఆ ఒక్క మాటకు కూడా తావు లేదా? పక్కన ఎవరు నిలబడ్డారు? ఎవరికి భయపడి అట్లా కోసినట్టు మాట్లాడింది?

సరోజ పనిచేసేది తువ్వాళ్ళ కార్ఖానా ఆఫీసులో. ఇంగ్లీషు చదువుతుంది, తువ్వాలు పట్టుకుని చూసి నూలు ఏ రకమో చెబుతుంది, చెయ్యి చురుకు. అందుకని సేఠ్, సేఠాణి జర్మనీలో బట్టల మేళాకు పోతూ శాంపిల్ పెట్టెలతో పాటు ఆమెనూ తీసుకుపోయారు. మేళా అయ్యాక ఇంకో రెండు మూడు దేశాలు తిరిగి, అక్కడి దుకాణాల వాళ్ళకు కూడా సరుకు చూపించి వస్తారట. సేఠ్ మొబైల్ ఫోను సరోజ చేతిలోనే ఉంటుంది, వచ్చిన ఆర్డర్లు ఆమే రాసుకోవాలి గనుక. ఆ ఫోనుది పూణె నంబరు. పెళ్ళికాని పిల్లను సముద్రం దాటించానే అని చంద్రభాగ గుండె కొట్టుకుంటుంటే, పెంటప్ప చెప్పిన ఒకే ఒక్క మంచి మాట అది. "నంబరు పూణెది వదినా. నా మీటరుకు పూణె అనే తెలుసు. పూణె పైసలే పడతయ్."

జర్మనీ అయినా పూణె పైసలే. అంత దూరాన ఉన్న బిడ్డ అంత దగ్గర్లో దొరుకుతుంటే చెయ్యకుండా ఎట్లా ఉంటుంది? ఆమె రోజూ దీపాలు పెట్టే వేళకు బూత్‌కు పోయేది. ఉదయం తాను చుట్టిన బీడీలు బీడీ కార్ఖానాలో అప్పజెప్పడానికి పోతూ కూడా, మనసు ఆగకపోతే, ఒకసారి చేసేది. విమానం దిగిందో లేదో అని ఒకసారి. విమానం దిగిందని తెలిశాక హోటలు గదికి గడియ ఉందో లేదో అని ఒకసారి. రాత్రి కలలో సరోజ మంచులో చెప్పుల్లేకుండా నడుస్తోంది, అందుకని ఒకసారి.

సరోజ ప్రతిసారీ ఎత్తింది. ప్రతిసారీ అవే నాలుగు మాటలు. మంచిగున్న, తిన్న, నువ్వు తిన్నవా, పెట్టేస్తున్న.

నచ్చలేదేమో, అనుకుంది చంద్రభాగ. పెద్దవాళ్ళ నడుమ నిలబడ్డ పిల్లకు బీడీలు చుట్టే తల్లి ఫోను నామోషీ అయిందేమో. కాదు, అంతకన్నా ఘోరమే ఏదో అయ్యుంటుంది. నామోషీ అయితే ఎత్తదు కదా.

ఈ మాటలు చెప్పుకుందామంటే ఇంట్లో ఎవరూ లేరు. సిద్ధరాములు ఉన్నాడు గానీ, పాతికేళ్ళుగా పవర్‌లూమ్ సాంచెల నడుమ నిలబడ్డ మనిషి. చెవులు సాంచెలకే ఇచ్చేశాడు. ఇంట్లో ఏదైనా చెప్పాలంటే వాడంతా వినపడేట్టు అరవాలి. గుండెల్లో గుబులును అరిచి ఎట్లా చెబుతారు? ఒకసారి అరిచింది కూడా. "సరోజ సక్కగ మాట్లాడుతలేదూ!" పక్కింటి గంగుబాయి గోడ మీంచి తొంగి చూసింది. సిద్ధరాములు మాత్రం, "పాలా? పొద్దుగాల తాగిన," అన్నాడు.

మధ్యాహ్నం అతనికి అన్నం గిన్నె పట్టుకుని ఆమె సాంచెల షెడ్డుకు పోతుంది. లోపల సాంచెల మోత. మాట కాదు గదా, మేఘం ఉరిమినా వినపడదు. అందుకే గుమ్మం దగ్గరి ఇనుప గొట్టం మీద గిన్నె మూతతో రెండు దెబ్బలు కొడుతుంది. ఠంగ్, ఠంగ్. ఆ చప్పుడు గొట్టం వెంబడి పాకి, దాన్ని ఆనుకుని ఉన్న సాంచె చట్రంలోకి పోతుంది. చెవికి కాదు, చేతికి తెలుస్తుంది. సిద్ధరాములు తలెత్తకుండానే, పోగు ముడివేస్తూనే, పానాతో చట్రం మీద రెండు దెబ్బలు కొడతాడు. అన్నం వచ్చిందని ఆమె చెప్పడం, విన్నాను, బాగానే ఉన్నాను, సాంచె ఆపలేనని అతను చెప్పడం. గిన్నె గూట్లో పెట్టి ఆమె వెళ్ళిపోతుంది. సరోజ చిన్నప్పుడు బడి లేని రోజుల్లో ఆ మూత కోసం గుంజులాడేది. "నేను కొడత, నేను కొడత," అని.

సేఠ్ వాళ్ళ మేళా ముగిసిందన్న రోజు సాయంత్రం ఫోను ఆ పొడుగాటి కూత కూడా కూయలేదు. దాని బదులు ఒక ఆడగొంతు ఏదో భాషలో ఏదో చెప్పింది. చెప్పిందే మళ్ళీ చెప్పింది. కోపంగా లేదు, ప్రేమగా లేదు. చావు కబురు చెప్పేవాళ్ళు అట్లాగే చెబుతారని చంద్రభాగకు తోచింది.

"పెంటప్పా! ఎవరో ఆడిది ఎత్తింది! నా బిడ్డ ఫోన్ వేరేవాళ్ళ చేతుల పడ్డది!"

పెంటప్ప రిసీవరు తీసుకుని విన్నాడు. అతనికీ అర్థం కాలేదు, కానీ కానట్టు కనపడడం వ్యాపారానికి మంచిది కాదు. "ఆగు వదినా, ఆఫీసుల అడుగుత," అని తువ్వాళ్ళ కార్ఖానాకు ఫోను కొట్టాడు. మేనేజరు అంబాదాస్ ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. ఇటువైపు మాటలు మాత్రమే బూత్‌లో వినపడ్డాయి.

"ఆఁ సాబ్... సరోజ వాళ్ళమ్మ... దేంట్ల ఉన్నది? రోమింగా? రోమింగ్ అంటే?... ఫిర్నా? అచ్ఛా, అచ్ఛా."

ఫోను పెట్టేసి, కొత్త విద్య నేర్చినవాడిలా గొంతు పెంచి చెప్పాడు. "ఏం లేదు వదినా. సరోజ రోమింగ్‌ల ఉన్నదట. అంటే తిరుగుడు. తిరుగుడుల ఉన్నది, గందుకే దొరుకుతలేదు."

ఖర్మ కొద్దీ, తర్వాత వంతు గంగుబాయిదే. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ కళ్ళకు పెట్టుకోలేదు.

"తిరుగుడా?" అన్నది చంద్రభాగ, మెల్లగా.

"ఆఫీసోళ్ళే చెప్పిన్రు," అన్నాడు పెంటప్ప. ఆ మాట తన నోట ఏమై బయటికి వచ్చిందో అప్పటికి గానీ అతనికి తట్టలేదు. "అట్ల గాదు వదినా, నేననేది..." అంటుండగా ఆమె చెప్పులు వేసుకుంటోంది.

మరునాడు బీడీ కార్ఖానా వరసలో ఆమె చాట పట్టుకుని నిలబడేసరికి, మాట ఆమె కన్నా ముందే వచ్చి నిలబడి ఉంది. ఆడవాళ్ళు కొంచెం కొంచెం జరిగి చోటిచ్చారు. మామూలుగా ఎవరూ చోటివ్వరు.

"కాయ్ గ, ఎట్లున్నవ్ చంద్రభాగా," అన్నది యమునాబాయి, జాలి ఒలకబోస్తూ. "పోరి దొరికిందా?"

"దొరకక ఏం? ఏడికి పోతది?"

"పోతది అంటలేను. తిరుగుతది అన్నరు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "పెండ్లిగాని పోరిని దేశాల మీదికి తోలితె తిరగక మగ్గం నేస్తదా?" అన్నారు. చంద్రభాగ వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆ ముఖం గుర్తుండిపోతుంది, రేపు పొద్దున ఆ ముఖం పక్కనే వరసలో నిలబడాలి.

బల్ల దగ్గర బీడీలు ఎంచే చెకరు ఆమె కట్టల్లో వేలు పెట్టి తిప్పి, మూతి సరిగా మడవలేదని గుప్పెడు బీడీలు తీసి తన వైపు గంపలో పడేశాడు. రాత్రంతా వణికిన వేళ్ళు, మూతులు ఎట్లా కుదురుతాయి? పారేసినవాటిని తిరిగి ఇవ్వడు. అవి కంపెనీకే పోతాయి, ఎక్కడో అమ్ముడూ పోతాయి. కంపెనీ తూచి ఇచ్చిన ఆకులో వాటికి పట్టినదాని లెక్క మాత్రం ఆమె నెత్తినే. ఏళ్ళ తరబడి చూస్తున్నదే కనుక ఆమె నోరెత్తలేదు. ఖాళీ చాట చంకన పెట్టుకుని, ఇంటి దారి పట్టకుండా, తువ్వాళ్ళ కార్ఖానా దారి పట్టింది.

అంబాదాస్ ఆమెను చూసి కుర్చీలోంచి లేచాడు. మంచివాడే. చంద్రభాగ పెద్దవాళ్ళలాగే వాళ్ళ పెద్దవాళ్ళూ కరీంనగర్ వైపు నుంచి బతకవచ్చినవాళ్ళే. "కూసో అక్కా. నీళ్ళు తాగుతవా?"

"నీళ్ళొద్దు అన్నా. నా బిడ్డ ఏడున్నది? మీరేమో తిరుగుడుల ఉన్నదన్నరట. వాడంత పాకింది. నా బిడ్డ అసుంటిది గాదు."

అంబాదాస్‌కు ముందు అర్థం కాలేదు. అయ్యాక నుదురు కొట్టుకున్నాడు. "అరే బాప్‌రే! తిరిగేది సరోజ గాదక్కా, ఫోను! ఫోను తన దేశం విడిచి వేరే దేశంల పనిచేస్తే దాన్ని రోమింగ్ అంటరు. నిన్న రైల్ల ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయిన్రు. నడుమ ఫోన్ అందలేదు. ఇప్పుడు పారిస్‌ల ఉన్నరు. రాత్రి సేఠ్ మాట్లాడిండు, అంతా ఖుషాల్."

చంద్రభాగ అప్పుడు కూర్చుంది. చాటను ఒళ్ళో పెట్టుకుంది, అందులో ఏమీ లేకపోయినా. కాసేపు దాని అంచునే వేలితో రాస్తూ ఉండిపోయింది.

"మరి నాతోని సక్కగ ఎందుకు మాట్లాడదు? నోరు తెరిస్తే పెట్టేస్తున్న అంటది."

అంబాదాస్ బల్ల మీది తువ్వాలు మడత విప్పి, మళ్ళీ మడిచాడు. "నువ్వు అడిగినవ్ గనుక చెప్తున్న. మళ్ళ సరోజ నన్ను తిడ్తది. నువ్వు పెంటప్పకు ఇచ్చేది ఈడికెళ్ళి పూణె దాకా. పూణె కాడికెళ్ళి ఆ దేశం దాకా నీ మాటను మోసుకపోయినందుకు, అక్కడ ఫోన్ ఎత్తినోళ్ళ మీద పడతది. శానా పడతది."

"చేసింది నేను గదా?"

"చేసినోళ్ళూ కట్టాలె, ఎత్తినోళ్ళూ కట్టాలె. రోమింగ్ కాయిదా అది."

"ఫోన్ సేఠ్‌ది గదా?"

"సేఠ్‌దే. కంపెనీ పని మాట్లాడితే కంపెనీ కడతది. ఇంటి మాటలు మాట్లాడితే ఆమె నెల పగార్ల కోస్తరు. మొదటి రోజే సేఠాణి చెప్పిందట."

"సేఠాణి మాట్లాడదా ఆ ఫోన్ల?"

అంబాదాస్ కిటికీ వైపు చూశాడు. "వాళ్ళ చెల్లెతోని రోజూ మాట్లాడుతది. అది వాళ్ళింటి ఫోన్ గదక్కా."

చంద్రభాగకు ఆ రోమింగ్ సంగతంతా ఒక్కసారిగా తెలిసిపోయింది. ఇంగ్లీషు రాకపోయినా తెలిసింది. పారేసిన బీడీలూ వాళ్ళకే, వాటి ఆకు లెక్కా మనకే. దీనికి కొత్త పేరు పెట్టారు, అంతే. కానీ ఆ తెలివి వెనకే ఇంకొకటి వచ్చి గుండెను పట్టుకుంది. గదికి గడియ ఉందా అని చేసింది. కల వచ్చిందని చేసింది. ప్రతిసారీ ఎత్తింది పిల్ల.

"మరి ఎత్తుడెందుకు? నాకు ఒక్క మాట చెప్తే నేను చెయ్యకపోదునా?"

"గదే భయం ఆమెకు," అన్నాడు అంబాదాస్. "ఆర్డర్లు చెప్పనీకి నాకు చేసినప్పుడు, మా అమ్మకు తెల్వనియ్యకు సాబ్, తెలిస్తే మళ్ళ చెయ్యదు అన్నది. ఈడ నాతోని మాట్లాడేటోళ్ళు ఎవ్వరు లేరు, రోజంత ఆ ఫోన్ ఎప్పుడు మోగుతదా అని చూస్తుంట అన్నది. నాలుగు మాటలకన్న ఎక్కువ మాట్లాడితే ఏడుపొస్తదట, అందుకే పెట్టేస్తదట."

బయట లారీలో తువ్వాళ్ళ మూటలు ఎక్కిస్తున్నారు. చంద్రభాగ లేచి నిలబడింది. గడప దాకా పోయి ఆగింది.

"అన్నా, ఎత్తకుంటే?"

"ఏంది?"

"ఇక్కడ నేను చేసిన. అక్కడ మోగింది. ఆమె ఎత్తలే. అప్పుడు?"

"అప్పుడేం లేదు. మోగినంతసేపు ఉత్తదే. ఎవ్వరు కట్టేది లేదు."

ఆ రోజు సిద్ధరాములు అన్నం ఆలస్యమైంది. షెడ్డు గుమ్మంలో నిలబడి ఆమె మూతతో రెండు దెబ్బలు కొట్టింది. లోపలి నుంచి రెండు దెబ్బలు వచ్చాయి. గిన్నె గూట్లో పెట్టింది గానీ, రోజూలాగా వెంటనే కదల్లేదు. ఇనుప గొట్టం మీద అరచెయ్యి ఆనించి, సాంచెల మోత చేతిలోంచి మోచేతి దాకా పాకుతుంటే, అట్లాగే నిలబడింది.

దీపాలు పెట్టే వేళకు బూత్‌కు పోయింది. నిన్నటి మాట ఎంత దూరం పాకిందో పెంటప్పకూ తెలిసినట్టుంది, లేచి స్టూలు తుడిచి వేశాడు. గంగుబాయి అక్కడే ఉంది. ఆమెకు చేయాల్సిన ఫోను ఏమీ లేదు, ఉత్తగానే వచ్చింది.

"ఏమే, దొరికిందా మీ పోరి? తిరుగుడు అయిపోయిందా?"

"తిరిగేది ఫోను గంగుబాయీ. నా బిడ్డ గాదు," అన్నది చంద్రభాగ. గొంతు పెంచలేదు. "ఎత్తినోళ్ళ దగ్గర గూడ పైసలు గుంజేదాన్ని తిరుగుడు అంటరట. నీకు తెల్వకపోతే పెంటప్పను అడుగు, నేర్చుకున్నడు."

పెంటప్ప తల వంచుకుని నంబరు కొట్టాడు. చంద్రభాగ రిసీవరు చెవికి ఆనించుకుంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ పొడుగాటి కూత. ఒకటి.

ఎత్తకు, అనుకుంది. ఇన్ని రోజులూ ఎత్తు తల్లీ, ఎత్తు తల్లీ అని మొక్కిన నోరే. ఎత్తకు బిడ్డా. ఈ రెండోది కూయనీ, నేనే పెట్టేస్త.

రెండోది కూయలేదు.

"అమ్మా?"

ఎంత స్పష్టంగా ఉందో ఆ గొంతు! వెనక జనం లేరు, కుర్చీల చప్పుడు లేదు. చిన్న గదిలో ఒక్కతే ఉన్న మనిషి గొంతు. పెట్టేస్తున్న అనే తొందర కూడా లేదు. "అమ్మా, నిన్న రైల్ల..."

చంద్రభాగ చెయ్యి తనంతట తానే కిందికి పోయింది. రిసీవరును ఫోను మీద పెట్టి, అది లేస్తుందేమో అన్నట్టు రెండు చేతులతో నొక్కి పట్టింది.

"అయ్యో వదినా, లైన్ తెగిందా?"

"తెగలే. నేనే తెంపిన. మళ్ళ కొట్టు."

"మళ్ళనా?"

"కొట్టు పెంటప్పా. తొందరగ."

ఇప్పుడు ఆ పిల్ల ఏమనుకుంటుందో! అమ్మకేదో అయిందనుకుంటుంది. నాయినకేదో అయిందనుకుంటుంది. తన కడుపున పుట్టింది, తనలాగే చెడ్డదే ముందు తోస్తుంది. ఒక్కతే ఆ గదిలో గోడలు పట్టుకుని... కూత వచ్చింది. ఒకటి. సరోజ చెయ్యి ఫోను మీదికి పోతూ ఉంటుంది. రెండు. చంద్రభాగ టక్కున పెట్టేసింది.

"ఇంకొక్కసారి."

పెంటప్ప ఏమీ అడగకుండా మళ్ళీ కొట్టాడు. ఒకటి. రెండు. పెట్టేసింది. ఠంగ్, ఠంగ్. మూత చేతిలో లేదు గానీ ఆమె వేళ్ళు మూతను పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి.

"ఏం చేస్తున్నది ఈమె?" అన్నది గంగుబాయి.

చంద్రభాగ ఫోను ముందు నిలబడింది. ఈ బూత్ నంబరు సరోజకు నోటికి వచ్చు, ఆఫీసులో ఆలస్యమైనప్పుడల్లా ఇక్కడికే చేసి చెప్పేది. ఇప్పుడు భయంతో ఆమే ఫోను చేస్తే, ఇక్కడ ఎత్తగానే ఆ పిల్ల పగారే పోతుంది. అర్థమైతే... ఎక్కడో చలి దేశంలో, చిన్న గదిలో ఉన్న పిల్లకు షెడ్డు గుమ్మంలోని ఇనుప గొట్టం ఎట్లా గుర్తొస్తుంది? ఇది నాకు తోచిన పిచ్చి. అనవసరంగా పిల్లను అదరగొట్టాను.

వీధిలో సాంచెల మోత. ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. పెంటప్ప తన పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు.

ఫోను మోగింది.

పెంటప్ప చెయ్యి చాచేలోపే చంద్రభాగ అతని మణికట్టు పట్టుకుంది. రోజూ ఆకు కత్తిరించే చెయ్యి అది. అతను విడిపించుకోలేకపోయాడు.

"సరోజదే అయితది వదినా! ఎత్తు!"

"ఎత్తకు."

"ఎత్తుండ్రే, మీకేం రోగం!" అని గంగుబాయి కూడా స్టూలు మీంచి లేచింది.

ట్రింగ్ ట్రింగ్. మొదటిది. ఊపిరి తీసుకున్నట్టు ఆగింది. ట్రింగ్ ట్రింగ్. రెండోది.

మూడోది రాలేదు.

ఎంతసేపు చూసినా రాలేదు. చంద్రభాగ పట్టు వదిలింది. పెంటప్ప మణికట్టు రుద్దుకుంటూ ఫోను వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. ఆమె కొంగు ముడి విప్పుతూ, "ఎంతైంది?" అని అడిగింది.

"మొదటిదొక్కటే వదినా. మిగిలినయిటికి మీటరు తిరగలే."

ఇంటికి వచ్చేసరికి సిద్ధరాములు తానే కంచం పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఎక్కడికి పోయి వస్తుందో అతనికి తెలుసు. చెవికి వినపడకపోయినా, రోజూ ఆమె వచ్చే వేళకు గుమ్మం వైపు తిరిగే కూర్చుంటాడు. గడ్డం పైకెత్తి, ఏమన్నది అన్నట్టు చూశాడు.

చంద్రభాగ అరవలేదు. వంగి, బీడీ ఆకు కత్తెర అందుకుని, దాని పిడితో అతని కంచం అంచు మీద రెండు దెబ్బలు కొట్టింది.

సిద్ధరాములు ముద్ద కలపడం ఆపాడు. కంచం వణుకు ఆగేదాకా దాని మీద చెయ్యి పెట్టి ఉంచాడు. ఆ తర్వాత కూడా కాసేపు తియ్యలేదు.